రెండక్షరాల ముద్ర

ఆడబిడ్డ అర్ధమొగుడు అని సామెత ఒకటి ఏడిచింది గాని, అసలు మొగుడే పోయాక ఆ అర్ధమొగుడి గతేమిటో ఏ సామెతా చెప్పలేదు. సామెతలు కట్టినవాళ్ళకి అంతదూరం ఆలోచించే ఓపిక లేకపోయింది కాబోలు. ఆ ఆదివారం ఉదయం బస్సు దిగి, అన్నగారి వీధిలోకి మళ్ళుతున్న తిరకాసు మనసులో నలుగుతున్నది సరిగ్గా ఈ సంగతే.

తిరకాసు ఆమె అసలు పేరు కాదులెండి, అన్న పెట్టిన ముద్దుపేరు. వాళ్ళ నాన్నది రబ్బరు స్టాంపుల కొట్టు. ఇంటి ముందుగదే కొట్టు, వెనకంతా కాపురం. స్టాంపు మీద అక్షరం తిరగబడి ఉంటేనే కదా కాగితం మీద తిన్నగా పడేది. ఆ తిరగబడ్డ సీసపు అక్షరాల మధ్య పాకుతూ పెరిగిన పిల్ల, బళ్ళో పలక చేతికిస్తే అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు రాసింది. పంతులమ్మ నెత్తి కొట్టుకుంది. అన్న మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి, "నువ్వు పిల్లవి కాదే, తిరకాసువి" అన్నాడు. ఆ పేరు అలాగే అంటుకుపోయింది. ఇప్పుడామె యాభై దాటిన మనిషి. కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేసే గదిలో ఉద్యోగం. గది ఇరుకు కాబట్టి అక్షరాల పటాన్ని తిరగేసి అచ్చువేయించి, ఎదుటిగోడ మీది అద్దంలో చదివిస్తారు. వచ్చినవాళ్ళందరూ అద్దంలోకి చూస్తారు. ఈవిడ మాత్రం పటం కేసే చూస్తుంది. అలవాటైన ప్రాణం.

నాన్న తర్వాత కొట్టు అన్నదైంది. అన్న కిందటి వానాకాలంలో పోయాడు. అమ్మా నాన్నా ఎప్పుడో వెళ్ళిపోయారు. ఇక ఆ ఇంట్లో మిగిలింది వదిన ఒక్కతే.

మొన్న వదిన ఫోన్ చేసింది. "ఆదివారం వీలు చేసుకుని రా. కొట్టు సర్దాలి. నీకేమైనా కావాలంటే తీసుకుందువుగాని" అంది. మామూలు మాటే. కాని ఆ ఆఖరి ముక్క తిరకాసు గొంతులో చేపముల్లులా దిగబడింది. నీకేమైనా కావాలంటే తీసుకో. ఇల్లు మారేవాళ్ళు పొరుగువాళ్ళతో అనే మాట అది. పాత కుర్చీ కావాలా, పూలకుండీ కావాలా అని అడిగి, పంచేసి, తలుపు దగ్గరగా వేసుకునేవాళ్ళు అనే మాట.

ఇన్నాళ్ళూ ఏదో వంక పెట్టుకుని వస్తూనే ఉంది. ఒకసారి గొడుగు మరిచిపోయానని, ఒకసారి వదిన కళ్ళజోడు మరలు బిగిద్దామని, ఇంకోసారి ఊరికే ఇటుగా వచ్చానని. ఇటుగా రావడానికి రెండు బస్సులు మారాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. కొట్టు ఖాళీ అయిపోయాక ఏ వంక పెట్టుకోవాలి? అన్న వల్ల వదిన వదినైంది. ఆ అన్నే లేడు. మధ్యలో ముడి ఊడిపోయాక రెండు కొసలూ ఒకదానికొకటి ఏమవుతాయి? నేనింకా రావచ్చా అని ఒక్క మాట అడిగేస్తే తీరిపోయేది. అడగదు. పుట్టింటికి రావచ్చా అని అడిగిన ఆడపిల్ల, అది పుట్టిల్లు కాదని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. పైగా, రావద్దంటే? అననే అనదు వదిన. "దానికేం, రా" అని మర్యాదగా అంటుంది. అదే ఇంకా భయం.

కొట్టు తలుపు తీసే ఉంది. లోపల పెద్ద బల్ల ముందు వదిన నిలబడి ఉంది. ఒంటి మీద అన్న ఏప్రాను, పొట్ట దగ్గర ఊదారంగు మరకలతో. చుట్టూ కాగితాల గుట్టలు. వదిన ఒక్కో కాగితం తీసి, వెలుతురుకి పట్టి చూసి, తాపీగా చింపుతోంది.

"ఏం చేస్తున్నావు వదినా?"

"కనబడటంలా? చింపుతున్నా. చెప్పులు అక్కడ విడిచి రా, కింద జిగురుంది."

తిరకాసు గుమ్మంలోనే నిలబడింది. ఆ కాగితాలేమిటో ఆమెకి తెలుసు. అన్నకి పాత కాగితమంటే పిచ్చి. "పాత కాగితం సిరా తాగుతుంది, కొత్త కాగితం ఉమ్మేస్తుంది" అనేవాడు. చిత్తుకాగితాల దుకాణాలన్నీ తిరిగి, రద్దయిపోయిన రైళ్ళ వేళల పట్టికలు, పిల్లల పటాల పుస్తకాలు, క్యాలెండర్లు, వంతెనల నమూనాలు గీసిన నీలికాగితాలు బస్తాలకొద్దీ తెచ్చేవాడు. స్టాంపు తయారవగానే మొదటి ముద్ర వాటి మీద వేసి చూసుకుని, కన్ను చికిలించి, బాగుంటేనే అవతలివాళ్ళ చేతికిచ్చేవాడు. ఆ మొదటి ముద్రల కాగితాలు ఒక్కటీ పారెయ్యలేదు. అవన్నీ అన్న కన్ను చికిలించి చూసిన కాగితాలు. వాటిని వదిన కూరాకు తుంచినట్టు తుంచుతోంది.

"అవి అన్న ముద్రలు" అంది తిరకాసు.

"అవును. ఆ బీరువా నిండా ఇంకా ఉన్నాయి. ఎలకలకి పెట్టనా?"

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని అందరికీ తెలుసు. తెలిసీ జారుతుంటాం. "మనిషి పోయాడని కాగితాలూ పోవాలా?" అంది తిరకాసు. "నీకు బరువైతే చెప్పు, నేను మోసుకుపోతా."

వదిన చేతిలో సగం చింపిన కాగితం అలాగే ఆగిపోయింది. వదిన తగాదా మనిషి కాదు. అలాగని పడి ఉండే మనిషీ కాదు. కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసింది.

"మోసుకుపోయి?"

"దాచుకుంటా."

"దాచుకుని?"

దాచుకుని ఏం చేస్తారు ఎవరైనా? దాచుకుంటారు, అంతే. వదిన ఒక అట్టపెట్టె పక్కకి జరిపి, దాని కిందనుంచి లావుపాటి పుస్తకం ఒకటి లాగింది. ఒకప్పుడది పటాల పుస్తకం. ఇప్పుడు అట్ట మూతపడనంతగా ఉబ్బిపోయి, రెండువైపులా దారాలు వేలాడుతూ, తిని కూర్చున్న పెద్దమనిషిలా ఉంది.

"తిట్టేముందు చూడు. చూశాక తిట్టు. అప్పుడైనా తిట్టుకి ఒక అందముంటుంది" అంది.

తిరకాసు చెప్పులతోనే బల్ల దగ్గరికి నడిచి, నిలబడే మొదటి పేజీ తిప్పింది. రైళ్ళ పట్టిక ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి, పైన తెల్లరంగు పలచగా పూసి ఉంది. ఆ పొగమంచులోంచి ఊళ్ళ పేర్లు కనబడీ కనబడకుండా ఉన్నాయి. వాటి మీద అడ్డదిడ్డంగా, పెద్దగా, చిన్నగా, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఒకటే ముద్ర. "నిశ్శబ్దం పాటించండి." పేజీ మధ్యలో తలగడ ఆకారంలో నీలికాగితం.

"ఇదేంటి?"

"మీ అన్న గురక."

తిరకాసు పెదవి బిగబట్టింది. ఎవరైనా కోపంగా ఉన్నప్పుడు నవ్వించడం చాలా అన్యాయమైన పని. రెండో పేజీ తిప్పింది. అన్న పాత చొక్కా జేబు కుట్టేసి ఉంది, జేబులోంచి పెన్సిలు ముక్క తొంగిచూస్తోంది. పక్కన బాణం గుర్తుతో "ఇటువైపు పైకి" అని ముద్ర. అన్న బనీను తిరగేసి తొడుక్కుని రోజంతా తిరిగేవాడు, ఎవరైనా చెబితే రేపు సరిచేస్తాననేవాడు. తర్వాతి పేజీలో చిన్న కంచం బొమ్మ, అంచులు సూదీదారంతో కుట్టి ఉంది. కింద ఏ ఆఫీసు వాళ్ళో చేయించుకుని తీసుకెళ్ళని స్టాంపు ముద్ర: "పరిశీలించి సరిగా ఉన్నదని ధ్రువీకరించడమైనది."

"నా వంట గురించి ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు మీ అన్న. తినేసి లేచిపోయేవాడు. అందుకని ఇప్పుడు నేనే ఆయన చేత సంతకం పెట్టించుకున్నా" అంది వదిన.

ఇక ఆగలేదు. తిరకాసు నవ్వింది, నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వింత శబ్దం ఒకటి వచ్చింది. వదిన ఏప్రాను జేబులోంచి గుడ్డముక్క తీసిచ్చింది. అది సిరా తుడిచే గుడ్డ. ముక్కు కాస్తా ఊదారంగైంది.

"మూటల్లో ఉన్నన్నాళ్ళూ కాగితాలే ఇవి" అంది వదిన. "చింపితేగాని మీ అన్న బయటికి రాలేదు. నేనేం చెయ్యను చెప్పు?"

"తప్పైపోయింది వదినా."

"తప్పు సంగతి తర్వాత. చెప్పులు విడిచి రా ముందు."

ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ పనిలో పడ్డారు. ఈ విద్య వదిన ఫోన్లో వీడియోలు చూసి పట్టింది. అవతలివాళ్ళు ఏ భాషలో చెబుతున్నారో కూడా తెలియదు, చేతులు చూసి నేర్చుకుంది. నేర్చుకున్నది దాచుకునే రకం కాదు. కత్తెర ముట్టుకోనిచ్చేది కాదు. "కత్తెర పెడితే అంచు చచ్చిపోతుంది. చేత్తో చింపు. నీవైపు లాగుతూ చింపితే తెల్ల అంచు వస్తుంది, అవతలికి చింపితే రాదు. ఏది కావాలో ముందే అనుకో" అనేది. మైదాపిండి ఉడికించిన జిగురు, చల్లారిన టీ డికాషను, పళ్ళుతోముకునే పాత బ్రష్షు, ఇవే సరంజామా. కొత్తగా ఉన్న కాగితం మీద డికాషను రాస్తే గంటలో దానికి ముసలితనం వచ్చేస్తుంది. "మనకి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది" అంది వదిన.

"ఈ పక్క పేజీ నీది" అని పుస్తకం తిరకాసు ముందుకి తోసింది. "నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. నేను వేలు పెట్టను."

వేలు పెట్టనన్న మనిషి అడుగడుగునా వేలు పెట్టింది. జిగురెక్కువైందంది, నీలం మీద నీలం కనబడదంది, ఖాళీ వదలడం కూడా ఒక పనేనంది. తిరకాసు విసుక్కుంది. విసుక్కుంటుంటే మనసు తేలికపడింది. సముద్రం ఉన్న పటం ఒకటి చింపి పరిచింది. దాని మీద క్యాలెండరు ముక్క, ఆ పైన అన్న ముద్రలున్న పలచటి కాగితం. చదును చేస్తుంటే అరచేతి కింద ఆ కాగితాలు తడితడిగా, మెత్తగా తగులుతుంటే, ఇదే ఆఖరిసారేమో అన్న ఆలోచన మళ్ళీ వచ్చి పక్కనే కూర్చుంది. బీరువాలో ఒక అర అప్పుడే ఖాళీ అయింది. సాయంత్రానికి మిగతావీ అవుతాయి.

"ఇప్పుడు దీని మీదికి నీ మాట ఒకటి చెక్కుకో" అంది వదిన. స్టాంపుల రబ్బరుని అచ్చులో ఉడికించే యంత్రం అన్నతోనే ఆగిపోయింది. వదిన పెన్సిలు చెరిపే పెద్ద రబ్బర్ల మీద బ్లేడుతో చెక్కుతుంది. సొరుగులోంచి ఒక రబ్బరు, సన్నటి బ్లేడు, ట్రేసింగు కాగితం తీసి పెట్టింది. "నాకు తిరగేసి చదవడం వచ్చు గాని రాయడం రాదుగా. అందుకని ముందు ఈ కాగితం మీద..."

"తాతకి దగ్గులు నేర్పకు వదినా. నేను పుట్టిందే తిరకాసులో."

"సరే తల్లీ, నీ దగ్గు నువ్వు దగ్గుకో. నేను టీ పెట్టుకొస్తా" అని వదిన లోపలికెళ్ళింది.

తిరకాసు ట్రేసింగు కాగితం ముందేసుకుని కాసేపు కూర్చుంది. ఏం మాట? అన్న అని రాద్దామనుకుంది. పుస్తకమంతా అన్నేగా. లోపల గిన్నెల చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు ఆమెకి ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. అప్పుడు అమ్మ చేసేది, తర్వాత వదిన చేసింది. చప్పుడు మాత్రం అదే. రేపటినుంచి ఆ చప్పుడు వినాలంటే నేనెవరినని చెప్పుకుని రావాలి?

నోటితో అడగలేనిది చేత్తో అడగొచ్చుగా అనిపించింది. పేజీ మీద ఒక మూల పటం ముక్కని ఒక అంచు మాత్రమే అంటించి చిన్న తలుపులా పెట్టింది. దాని వెనక ముద్ర కొట్టి మూసేస్తే, తను వెళ్ళిపోయాక ఎప్పుడో వదిన తెరిచి చూస్తుంది. అప్పుడు ఫోన్ చేస్తే చేస్తుంది. లేకపోతే లేదు. కనీసం ఎదురుగా నిలబడి మర్యాద మాట వినక్కర్లేదు.

రెండే అక్షరాలు. "రానా." ఎడమచేత్తో కాగితం నొక్కిపట్టి, పెన్సిలు ఆపకుండా, తిరగేసి రాసేసింది. ఎన్నేళ్ళైనా చెయ్యి మరిచిపోలేదు. కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో గీకింది. పెన్సిలు గీత రబ్బరుకి అంటుకుంది. ఇక చెక్కడమే. మన అక్షరాలన్నీ గుండ్రాలు, బ్లేడుకేమో తిన్నగా పోవడమే తెలుసు. అందుకని బ్లేడు కదపకుండా రబ్బరునే తిప్పుకుంటూ, పైన చెయ్యి అడ్డం పెట్టుకుని, వదిన వచ్చేస్తుందేమోనని తలుపు వైపు చూసుకుంటూ, గుండ్రం, దీర్ఘం, మళ్ళీ గుండ్రం, దీర్ఘం. పూర్తయ్యాక రబ్బరు మీద "రానా" అని చక్కగా కనబడింది. చక్కగా కనబడటమే కొంప ముంచే సంగతని ఆ ఇంట్లో పుట్టిన మనిషికి ఆ క్షణాన తట్టకపోవడం చూస్తే, గుబులు చదువుని ఎంతలా మింగేస్తుందో తెలుస్తుంది.

ఊదా సిరా అద్దింది. చిన్న తలుపు తెరిచి, దాని వెనక నొక్కిపెట్టి, అన్నలాగే నాలుగుమూలలా వేలితో అదిమి, ఎత్తింది.

ముద్ర తిరగబడి పడింది.

ముందర నమ్మలేదు. రబ్బరు చూసింది, కాగితం చూసింది. రబ్బరు మీద తిన్నగా, కాగితం మీద తిరగబడి. అలా చూస్తుండగానే వెనక టీ కప్పులు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఓసి నీ తిరకాసు బంగారంగానూ" అని వదిన నవ్వడం మొదలుపెట్టింది. "ట్రేసింగు కాగితం మీద తిన్నగా రాసుంటే, బోర్లించినప్పుడు అదే తిరగబడుతుంది కదే. నువ్వు ముందే తిరగేసి రాశావు. దాన్ని మళ్ళీ బోర్లించావు. రెండుసార్లు తిరిగితే ఏమవుతుంది? ఎక్కడున్నామో అక్కడికే వస్తాం. రాయడం రానిదాన్ని, నేనెప్పుడూ ఈ తప్పు చెయ్యలేదు. ఈ తప్పు చెయ్యాలంటే నీ అంత చదువు కావాలి."

బల్ల పట్టుకుని మరీ నవ్వింది. అన్న పోయాక వదిన అలా నవ్వడం తిరకాసు చూడలేదు. ఇంకొకప్పుడైతే తనూ కలిసి నవ్వేది. ఇప్పుడు మాత్రం తటాలున ఆ చిన్న తలుపు మూసేసి, మీద అరచెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యి."

"పాడైపోయిందిగా వదినా. ఇంకోటి చెక్కుతా."

"తియ్యవే. తిరగబడితే నేను చదవలేననుకున్నావా? మీ అన్న పేర్చిన ప్రతి అక్షరం ముందు నాచేతే చదివించేవాడు, తప్పులుంటే చెప్పమని. నీకు పుట్టుకతో వచ్చింది. నాకు కాపురంతో వచ్చింది" అంటూ వదిన ఆ చెయ్యి జరిపి, పటం ముక్క ఎత్తింది.

చదివింది. రెండక్షరాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది? వదిన చాలాసేపు చూసింది. నవ్వు మొహంలోంచి కొంచెం కొంచెంగా దిగిపోయింది. తిరకాసు టీ కప్పు అంచు వంక చూస్తూ నిలబడింది.

"ఎవర్నడుగుతున్నావు ఇది?" అంది వదిన. గొంతులో కోపం ఉంది.

తిరకాసు కప్పుని బల్ల మీద కాస్త అటు జరిపింది.

"నిన్నే. ఎవరింటికి రావడానికి ఎవర్నడుగుతున్నావు?"

"అన్న లేడుగా వదినా" అంది తిరకాసు చివరికి. అన్నాక ఇక ఆగలేదు. "అన్నుంటే నా అన్న ఇల్లని వచ్చేదాన్ని. ఇప్పుడేమని రాను? కొట్టు కూడా తీసేస్తున్నావు. కావాల్సినవి తీసుకో అన్నావు. ఆ మాటతో అన్నీ అయిపోయినట్టే అనిపించింది. నీ మీద కోపం కాదు. నాకు భయమేసింది, అంతే."

వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. ఏప్రాను కొసతో కళ్ళజోడు తుడుచుకుంది. తుడిచేకొద్దీ సిరా అంటి ఇంకా మసకైంది.

"ఒక్కదాన్ని ఈ కొట్టు సర్దుకోలేనా నేను?" అంది నెమ్మదిగా. "ఎప్పుడో సర్దేసేదాన్ని. సర్దబుద్ధి కాలేదు. ఇది ఉంటే నిన్ను పిలవడానికి ఒక పనుంటుందని. ఊరికే రా అంటే వస్తావో రావో. అన్న లేని కొంపకి నాకోసం ఎందుకొస్తావు? నువ్వు గొడుగో మరోటో మరిచిపోయి వెళ్ళినప్పుడల్లా నాకెంత ధైర్యంగా ఉండేదో తెలుసా? కిందటిసారి ఏదీ మరిచిపోకుండా వెళ్ళావు. అందుకే కావాల్సినవి తీసుకో అన్నా. ఆశపడైనా వస్తావని ఎర వేశా. పిచ్చిదాన్ని, ఆ మాట నీకు పొమ్మన్నట్టు వినబడుతుందని నాకేం తెలుసు?"

ఇన్ని నెలలు ఇద్దరూ ఒకే గోడకి చెరోపక్క చెవి పెట్టి, అవతల ఏం చప్పుడు లేదని దిగులుపడ్డారన్నమాట. ఇద్దరికీ తిరగేసిన అక్షరం చదవడం వచ్చు. తిన్నగా ఉన్న మనిషిని చదవడమే రాలేదు.

"ఆ రబ్బరిటివ్వు" అంది వదిన.

ఇచ్చింది. వదిన దాన్ని బల్ల మీద పెట్టి, బ్లేడు తీసుకుని, రెండక్షరాల మధ్య ఉన్న సందులో ఆనించి, ఒక్క నొక్కు నొక్కింది. రబ్బరు రెండు ముక్కలైంది. "రా" ఒకవైపు, "నా" ఒకవైపు.

"రా" ముక్కకి సిరా అద్ది, స్టాంపులు చుట్టిచ్చే పలచటి కాగితం తుంపు మీద కొట్టింది. అదీ తిరగబడే పడింది. ఆ తుంపుని బోర్లించి, జిగురు రాసి, పేజీ మీద, ఆ చిన్న తలుపు వెనక ఉన్న ప్రశ్న మీద సరిగ్గా అంటించి, బొటనవేలితో చదును చేసింది. తడిసిన కాగితంలోంచి అక్షరం తిన్నగా, ఊదాగా పైకి తేలింది.

రా.

"చదువు" అంది వదిన.

తిరకాసు చదివింది. పైకి చదవబోయి సగంలోనే ఏడ్చేసింది. అన్న పోయిన రోజున వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు వేస్తూ తిరిగింది గాని ఇలా ఏడవలేదు. వదిన లేచి ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. జిగురు చేతులు కాబట్టి వీపు నిమరలేక, మోచేత్తోనే దగ్గరికి నొక్కుకుంది. తనూ ఏడ్చింది. చెప్పొద్దూ, ఇద్దరికీ హాయిగా ఉంది.

కాసేపటికి తిరకాసు మొహం తుడుచుకుని, బల్ల మీద మిగిలిపోయిన రెండో ముక్క చేతిలోకి తీసుకుంది. "మరి ఇదో?"

"అది నాది" అని వదిన చెయ్యి చాచింది.

"చెక్కింది నేను."

"అయితే? దాని మీదే రాసుంది చూడు, ఎవరిదో. నా. ఎంచక్కా తిన్నగా రాసుంది. గుడ్డివాళ్ళు తడిమినా తెలుస్తుంది."

"నా చేతిలో ఉంది కాబట్టి నాది."

"నా చేతిలోకొస్తే నాదే."

ఇద్దరు పెద్దమనుషులు ఒక రబ్బరు ముక్క కోసం చిన్నపిల్లల్లా వాదులాడుకున్నారు. ఆ మాట అలాంటిది మరి, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళనే పలుకుతుంది. చివరికి వదినే తగ్గింది. తగ్గినట్టు తగ్గి, ముక్కని సిరాగుడ్డలో చుట్టి, తిరకాసు సంచిలో తనే పెట్టింది.

"సరే, ఈ వారం నీ దగ్గరుంచుకో" అంది. "వచ్చే ఆదివారం నాకు తెచ్చిచ్చెయ్యాలి. ఆ పై ఆదివారం మళ్ళీ నువ్వొచ్చి తీసుకెళ్దువుగాని."

ఆ తర్వాత చల్లారిపోయిన టీ తాగారు. బీరువాలో ఖాళీ అయిన అరలోకి, చింపగా మిగిలిన కాగితాలన్నీ మళ్ళీ సర్దేశారు.